జగ్గభూపతి మైదానంలో మొదటి వరుస

ఫుట్‌బాల్ ఆడటానికి మైదానం అవసరమనే మూఢనమ్మకం మా ఊళ్లో కూడా చాలాకాలం ఉండేది. రాజా జగ్గభూపతి కళాశాల దానిని దశలవారీగా నిర్మూలించింది. ఆ కృషి చరిత్రను స్వర్ణోత్సవ సంచికకు రాసి ఇమ్మని యాజమాన్యం నన్ను కోరింది. అక్కడే చరిత్ర బోధించి పదవీవిరమణ చేసినదాన్ని కనుక, జరిగినది జరిగినట్టు రాస్తానని వారి విశ్వాసం. ఆ విశ్వాసానికి తగినట్టే రాస్తున్నాను. సంచికలో దీనికి చోటు లేదంటే, చోటు లేకపోవడం ఆ కళాశాలకు కొత్త కాదని సరిపెట్టుకుంటాను.

ముందుగా నైసర్గిక స్వరూపం. మైదానానికి పడమట రైలుకట్ట, ఉత్తరాన బజారు రోడ్డు, దక్షిణాన పంటకాలువ. తూర్పున ప్రహరీగోడ, దాని అవతల గురువారం సంత జరిగే ఖాళీ స్థలం. ఆ స్థలం కోసం రెండు కుటుంబాలు తాతల నాటి నుంచి కోర్టులో ఉన్నాయి కాబట్టి అందులో ఎవరూ ఇటుక పేర్చలేరు. అందుచేత క్రీడాప్రాంగణం బయటికి పెరిగే అవకాశం లేదు. అయినా అది పెరిగింది. లోపలికి పెరిగింది.

జమీందారు గారు ఆ నేలను పిల్లలు ఆడుకోవడానికని రాసిచ్చిన రోజుల్లో చూడవచ్చినవాళ్లు రైలుకట్ట మీద చతికిలబడి చూసేవారు. ఆట రసవత్తరంగా ఉంటే రైలు కూడా నెమ్మదించేదని పెద్దలు చెబుతారు. దీనికి నా వద్ద ఆధారం లేదు. తరువాత పడమటి వైపున సిమెంటు మెట్లతో ఒక గ్యాలరీ కట్టారు. దాని ముందు పెద్దమనుషుల కోసం సోఫాలు వేశారు. సోఫాల మీద తెల్లటి టర్కీ తువ్వాళ్లు, ముందు టీపాయిలు, వాటి మీద నీళ్ల సీసాలు, జీడిపప్పు పళ్లాలు. దాని పేరు మొదటి వరుస. మన సభల్లో ఎవరు ఏం మాట్లాడారన్నది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఎవరు ఏ వరుసలో కూర్చున్నారన్నది మాత్రం మనుమల కాలానికి కూడా మాసిపోదు.

అసలు చరిత్ర ఒక వార్షిక పోటీనాడు మొదలైంది. గ్యాలరీకి సిమెంటు విరాళమిచ్చిన మిల్లు యజమాని ఒకాయన ఆలస్యంగా వచ్చారు. మొదటి వరుస నిండిపోయింది. రెండో వరుసలో మంచి కుర్చీ ఉంది, దయచేయండి అన్నారు కుర్రవాళ్లు.

"రెండో వరసలో కూర్చోడానికా నేనీ ఇస్త్రీ చొక్కా ఏసుకొచ్చింది?" అని ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు.

అప్పుడు లేచినవారు కొప్పిశెట్టి బుల్లబ్బాయి గారు. పురపాలక సంఘానికి మాజీ అధ్యక్షులు, క్రీడాప్రాంగణ అభివృద్ధి సంఘానికి శాశ్వత అధ్యక్షులు. ఆయన బంతిని కాలితో తాకిన దాఖలా లేదు గాని, ఆటను ప్రారంభించని సంవత్సరం కూడా లేదు.

"దీనికింత రభస దేనికండి? రెండో వరస వద్దంటే మొదటి వరసకి ముందింకోటేసెయ్యండెహె!" అన్నారాయన.

వేశారు. మిల్లు యజమాని ప్రసన్నులయ్యారు. కాని అంతకు ముందు మొదటి వరుసలో ఉన్నవారు ఒక్క క్షణంలో రెండో వరుసవారైపోయారు. మరుసటి ఏడాది వారు సభ్యత్వాలకు రాజీనామా చేస్తామన్నారు. వారి కోసం మిల్లు యజమాని ముందు ఒక వరుస వేశారు. దాంతో మిల్లు యజమాని అలిగారు. ఈ సమస్యకు గణితశాస్త్రంలో పరిష్కారం లేదు. బుల్లబ్బాయి గారి వద్ద ఉంది. ఏటా కొత్త వరుస వేయడం, పాత సోఫాల కిందికి సిమెంటు మెట్టు కట్టి వాటిని శాశ్వతం చేయడం. పడమటి వారికి ఇంత మర్యాద జరిగితే తామేం తక్కువ తిన్నామని కొందరు అడగడంతో తూర్పు గోడను ఆనుకొని రెండో గ్యాలరీ లేచింది. అదీ పడమటికి నడవడం మొదలుపెట్టింది.

కళాశాలలకు మార్కులు వేసే నాణ్యతా మండలి ఒకటుంది. వారి పరిశీలన పత్రంలో ప్రేక్షకుల ఆసన సామర్థ్యానికి ఒక గడి ఉంది, మైదానానికి గడి లేదు. మండలి సభ్యులు వచ్చిన రోజున గ్యాలరీల వైపే చూశారు, తృప్తిగా తల ఊపారు, భోజనానికి వెళ్లారు. జిల్లాలోకెల్లా అత్యధిక ఆసన సామర్థ్యం మాదేనని ద్వారం మీద బోర్డు వెలిసింది.

మగపిల్లల జట్టు ఈ దశలోనే క్యారమ్‌బోర్డుకు మారింది. ఆడపిల్లల జట్టు మాత్రం మిగిలిన చోటులోనే ఆడుతూ ఉండిపోయింది. వారికి శిక్షణ ఇచ్చే వ్యాయామోపాధ్యాయిని బిరుదుల మేరీ సుగుణ, ప్రిన్సిపాల్ డాక్టర్ ఉప్పులూరి వైకుంఠరావు గారి గదికి వెళ్లిన ఒక సందర్భంలో నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, టచ్‌లైన్ మీద సోఫా వచ్చిందండి" అంది సుగుణ.

"సుగుణ గారూ, మీ దృక్పథం కాస్త విస్తృతం కావాలి. అది సోఫా కాదు, సామాజిక భాగస్వామ్యం" అన్నారు వైకుంఠరావు గారు.

"భాగస్వామ్యానికి తగిలి మా పిల్ల మోకాలు చీరుకుపోయిందండి."

"ఆధునిక క్రీడ ప్రేక్షక కేంద్రితమైనది. మనం ఇంకా క్రీడాకారుల దగ్గరే ఆగిపోతే ఎలా? అయినా మీ అభ్యంతరాన్ని సానుకూలంగా పరిశీలిస్తాం."

పరిశీలించారు. టచ్‌లైన్ గీతను చెరిపి మరింత లోపలికి గీయించారు.

మరో ఏడాది ఒక అమ్మాయి కొట్టిన బంతి బుల్లబ్బాయి గారి జీడిపప్పు పళ్లెంలో పడింది. బంతి మోకాలి ఎత్తుకు మించి లేవరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తరువాత గోలుపోస్టులు వీక్షణకు అడ్డుగా ఉన్నాయని ఎవరో అన్నారు. వాటిని ఊడదీసి సామాను గదిలో పెట్టించారు. గోలు పడిందో లేదో తెలియడం ఎలా అని సుగుణ అడిగితే, "మొదటి వరసలో పెద్దలున్నారు కదండి, ఆళ్లు చెబుతారు" అన్నారు బుల్లబ్బాయి గారు.

ఇంత జరిగినా ఆ పిల్లలు గెలవడం మానలేదు. సోఫాకూ టీపాయికీ మధ్య జేబురుమాలంత చోటులో బంతిని కాళ్లకు అంటిపెట్టుకొని తిప్పడం వారికి అలవాటైపోయింది. పొరుగూళ్ల మైదానాలకు వెళితే అంత విశాలమైన గడ్డిని చూసి మొదట బెదిరేవారట, తరువాత ఎదుటివారిని బెదిరించేవారట. అలా విశ్వవిద్యాలయ అంతర్ కళాశాలల పోటీలో ఫైనల్‌కు చేరారు. ఫైనల్ ఎక్కడ జరపాలనే ప్రశ్న వచ్చింది. అత్యధిక ఆసన సామర్థ్యం ఉన్న ప్రాంగణంలోనే జరపాలని విశ్వవిద్యాలయం నిర్ణయించింది.

ఆ వార్తకు కళాశాలలో అందరూ సంతోషించారు, పెసింగి సత్యవేణి తప్ప. సత్యవేణి జట్టులో ముందువరుస ఆటగత్తె. ఆ మాటకు ఇక్కడ వేరే అర్థం లేదు. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆమెకది డిగ్రీ చివరి సంవత్సరం. చదువు ముగియగానే రొయ్యల ప్యాకింగ్ షెడ్డులో పని సిద్ధంగా ఉంది, ఫోర్‌మన్‌తో మేనమామ మాట్లాడి పెట్టాడు. విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక ఈ ఫైనల్‌లోనే. ఎంపికైతే యూనివర్సిటీ ఖర్చు మీద పై చదువు, ఆట. కాకపోతే షెడ్డు.

"ఓడిపోతే ఓడిపోతానండి మేడంగారూ" అంది ఆ పిల్ల సుగుణతో. "ఆడింది సూసి వద్దంటే సరే. ఆడకుండానే వద్దంటే ఎలాగండి?"

ఫైనల్ ముందురోజు మైదానంలో ఇంకా ఒక బద్ద మిగిలి ఉంది. రెండు వైపులా కొత్త వరుసలను ఆ ఒక్క పూటకు తీయించమని సుగుణ ప్రిన్సిపాల్‌ను వేడుకుంది. సానుకూలంగా పరిశీలిస్తాం అన్నారాయన. ఆ మాటతోనే ఆమెకు విషయం అర్థమై ఉండవలసింది.

మర్నాడు ఆదివారం. ముఖ్య అతిథి తన అనుచరులతో వస్తున్నారని తెలిసి, వారి కోసం ఉదయమే పడమట ఒక వరుస, సమానత్వం కోసం తూర్పున ఒక వరుస వేశారు. నేను వెళ్లేసరికి రెండు గ్యాలరీలూ నిండుగా ఉన్నాయి. పదవీవిరమణ చేసినవారికీ విద్యార్థులకూ తూర్పు గ్యాలరీలో చిట్టచివరి పై మెట్టు కేటాయించారు. అక్కడి నుంచి చూస్తే మా కళాశాల సాధించిన ప్రగతి మొత్తం ఒక్క చూపులో కనిపించింది. పడమటి మొదటి వరుస, తూర్పు మొదటి వరుస ఎదురెదురుగా కలుసుకున్నాయి. వీరి మోకాళ్లు వారి మోకాళ్లకు తగులుతున్నాయి. ఇద్దరికీ కలిపి ఒకటే టీపాయి. మైదానం ఎంత మిగిలిందో అంతా టీపాయి కింద ఉంది.

రిఫరీ యేసుపాదం గారు ఈలను మెడలో వేసుకొని ద్వారం దగ్గర నిలబడి అటూ ఇటూ చూశారు.

"గ్రౌండెక్కడండి?"

"తమరు చూస్తున్నదేనండి. జిల్లాలో ఇంత సామర్థ్యం మరెక్కడా లేదు" అన్నారు వైకుంఠరావు గారు.

"సామర్థ్యం బానే ఉందండి. ఆడేదెక్కడ?"

"అది పూర్తిగా సాంకేతిక అంశం. సుగుణ గారు చూస్తారు" అని చెప్పి ప్రిన్సిపాల్ గారు పూలదండల వైపు వెళ్లిపోయారు.

రిఫరీ సుగుణ వైపు తిరిగారు. ఆతిథ్యమిచ్చే కళాశాల గంటలోగా ఊళ్లో కొలతకు సరిపడే మైదానం చూపకపోతే ట్రోఫీ ఎదుటి జట్టుకు ఇచ్చేయాలని నిబంధన. ఆయన మంచివాడే, కాని నిబంధన ఆయనది కాదు.

"ఊళ్లో ఎక్కడైనా ఫరవాలేదాండి?" అంది సుగుణ.

"కొలత ఉంటే చాలమ్మా."

సుగుణ తూర్పు గోడ వైపు చూసింది. "ఏమే, ఈరోజు సంతలో ఎవరుంటారే?"

"మేకలండి" అంది సత్యవేణి, అప్పటికే సామాను గది వైపు పరుగెత్తుతూ.

గోలుపోస్టులను రెండు జట్లూ కలిసి మోశాయి. ఎదుటి జట్టు పిల్లలు కూడా ఆడటానికే వచ్చారు మరి. అతిథుల స్వాగతానికి ద్వారం దగ్గర పెట్టగా మిగిలిన ముగ్గుపిండితో గీతలు గీశారు. మేకలను తోలారు. ఆ స్థలం మాదంటే మాదని తగువులాడే రెండు కుటుంబాల పెద్దలూ అభ్యంతరం చెప్పడానికి రాలేదు. వారు లోపల రెండు మొదటి వరుసల్లో ఎదురెదురుగా కూర్చొని, ముందు లేచినవాడు ఓడినట్టేనని కదలకుండా ఉన్నారు.

లోపల సభ సలక్షణంగా మొదలైంది. ఆట జరగడం లేదని మొదటి వరుసల్లో ఎవరూ గమనించలేదు. ఇది వారి దోషం కాదు. అన్నేళ్లుగా వారు చూస్తున్నది ఎదుటి మొదటి వరుసనే. ముఖ్య అతిథి గారు బంతిని తన్ని పోటీ ప్రారంభించాలి. కాలు కదిపే చోటు లేక బంతిని టీపాయి మీద చేత్తో దొర్లించారు. అది నీళ్ల సీసాకు తగిలి ఆగింది. చప్పట్లు మారుమోగాయి. "ఈ చారిత్రక ఘట్టంలో" అంటూ వైకుంఠరావు గారు ప్రసంగం అందుకున్నారు.

అప్పుడే నా వెనుక ఈల వినిపించింది. పై మెట్టు మీద ఉన్నవాళ్లం తలలు తిప్పాము. గోడ అవతల, మా కాళ్ల కిందనే, సంత స్థలంలో ఇరవై ఇద్దరు ఆడపిల్లలు ఆడుతున్నారు.

"ఒరేయ్, ఇటు తిరగండ్రా, ఆట ఇక్కడుంది!" అని ఒక విద్యార్థి కేక పెట్టాడు.

పై మెట్టు మొత్తం వెనక్కి తిరిగి కూర్చుంది. కింది మెట్టు వాళ్లు లేచి నిలబడి మా భుజాల మీదుగా చూశారు. వారి కింది మెట్టు వారూ అంతే. అలా ఒక్కొక్క మెట్టే తిరుగుతూ పోయింది. మా జట్టు మీద ఒక గోలు పడింది. కాసేపటికి సత్యవేణి ఒకటి తిరిగి కొట్టింది. తూర్పు గ్యాలరీ గొంతు చించుకుంది. ఆ హర్షధ్వానాలు తన ప్రసంగానికేనని వైకుంఠరావు గారు చేతులు జోడించారు.

కాని విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేయవలసిన షేక్ ఫాతిమా గారు ఆ గోలు చూడలేదు. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడిన మనిషి. ఆమెను గౌరవంగా తూర్పు మొదటి వరుస నడుమ ఇరికించారు. వెనుక ఉన్నవాళ్లందరి వీపులూ కనిపించేసరికి ఆమెకు అనుమానం వచ్చి లేవబోయింది.

"కూకోండమ్మా, లేచారంటే సీటు పోద్దండి!" అన్నారు పక్కనే ఉన్న బుల్లబ్బాయి గారు, నిజమైన ఆందోళనతో.

"పోనివ్వండి" అని ఆమె సోఫా వెనక్కి కాలు వేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆమె పై మెట్టు చేరి నా పక్కన ఒదిగేలోగానే, కింద ఆ ఖాళీ కోసం ముగ్గురు పెద్దమనుషులు ఒకరి కండువా ఒకరు పట్టుకున్నారు.

"స్కోరెంతండి?" అని అడిగిందామె.

"ఒకటి ఒకటి. మాది సత్యవేణి కొట్టింది."

"అయ్యో, నేను చూడలేదే. చూడనిది రాయలేనండి."

"ఇంకా సమయం ఉంది, చూడండి" అన్నాను.

ఉన్న సమయం కూడా నిలవలేదు. కండువాల తగువు తీర్చడానికి లేచిన బుల్లబ్బాయి గారు అందరూ ఎటు చూస్తున్నారో చూశారు. ఆయాసపడుతూ రెండు మెట్లెక్కి ఆగారు. ఆయన ముఖంలో భయం వంటిది కనిపించింది.

"అందరూ అటు తిరిగితే... ఆ పై మెట్టు మొదటి వరసైపోద్దిగా! అంటే మనవిప్పుడు..." ఆయన ఆ మాట పూర్తి చేయలేకపోయారు. తరువాత అభివృద్ధి సంఘపు గొంతుతో అరిచారు. "ఒరే! సోఫాలెత్తండ్రా! గోడవతలెయ్యండి!"

ఆ ఊరేగింపును నేను పైనుంచి ఆసాంతం చూశాను. ముందు ముఖ్య అతిథి, వెనుక ప్రిన్సిపాల్, ఆ వెనుక హమాలీల తలల మీద సోఫాలు, టీపాయిలు, చివరగా జీడిపప్పు. బజారు రోడ్డు చుట్టి సంత గేటుకు రావాలి. కింద ఆట ముగియడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. సత్యవేణికి బంతి రెండుసార్లు అందింది, రెండుసార్లూ ఎదుటి పిల్లలు చుట్టుముట్టారు. ఫాతిమా గారు పెదవి విరిచారు. ఆ మైదానంలో అంత గడ్డి ఉండటం మా పిల్లకు ఇబ్బందిగా ఉందని నాకు తోచింది.

మొదటి సోఫా గేటు దాటి గీత పక్కన దిగింది.

"సోఫా తియ్యండి, ఆట నడుస్తోంది!" అని రిఫరీ అరిచారు.

"మీ ఆట మీరాడుకోండి, మేం మా వరస ఏసుకుంటన్నాం" అన్నారు బుల్లబ్బాయి గారు. రెండో సోఫా గీత మీద దిగింది. దాన్ని వెనక్కి నెడతారేమోనని చూస్తే, మూడోది దానికి ముందు దిగింది. అలవాటు అలాంటిది. నాలుగోది ఇంకా లోపలికి వచ్చింది. ఈల ఊది ఆట ఆపుదామని యేసుపాదం గారు చేయి ఎత్తారు.

సరిగ్గా అప్పుడే బంతి సత్యవేణి కాలికి తగిలింది, సోఫాల వైపున. అడ్డువచ్చిన అమ్మాయి సోఫాను చూసి తడబడింది. సత్యవేణి తడబడలేదు. ఆమెకు ఇప్పుడే మైదానం మైదానంలా కనిపించి ఉంటుంది. సోఫాకూ సోఫాకూ నడుమ బంతిని పోనిచ్చి, టీపాయి కాళ్ల పక్కగా తాను తిరిగి, కూర్చోబోతున్న ముఖ్య అతిథిని చుట్టి, మోకాలి ఎత్తుకు మించకుండా ఒక్క తన్ను తన్నింది. బంతి గోలులోకి వెళ్లింది. తూర్పు గ్యాలరీ విరిగిపడుతుందనుకున్నాను.

"ఎవరీ పిల్ల? పేరేంటండి?" అని ఫాతిమా గారు నా మోచేయి పట్టుకున్నారు.

"పెసింగి సత్యవేణి."

ఆమె ఆ పేరును ఒకసారి పైకి అనుకొని, రాసుకొని, దాని కింద గీత గీసింది. కింద యేసుపాదం గారు ఎత్తిన చేతితోనే గోలు చూపించి ఆఖరి ఈల ఊదారు.

నేను కిందికి దిగి సంత స్థలంలోకి వెళ్లేసరికి సోఫాలు పూర్తిగా అమరాయి. తువ్వాళ్లు పరిచారు. బుల్లబ్బాయి గారు మొదటి వరుస నడుమ సుఖాసీనులై చేయి ఊపారు.

"ఊఁ, ఇహ మొదలెట్టండమ్మా."

"అయిపోయిందండి" అంది సుగుణ.

"అయిపోతే అయిపోయింది. సీటు మాత్రం బ్రహ్మాండంగా ఉంది."

వైకుంఠరావు గారు మైకు తెప్పించుకున్నారు. విజేత కదలికలను గమనించినవారికి ఈ విజయం కళాశాల మౌలిక సదుపాయాలదేనని స్పష్టమై ఉంటుందని, అడ్డంకుల ఆధారిత శిక్షణ అనే ఈ వినూత్న పద్ధతిని రాష్ట్రమంతటికీ అందిస్తామని ప్రకటించారు. ఆయన అన్నదానిలో ఎంతో కొంత నిజం ఉండటమే నాకు మింగుడుపడలేదు. వెనుక నిలబడిన రెండు కుటుంబాల పెద్దలు, స్థలం ఎవరిదైనా ముందు ఇక్కడొక గ్యాలరీ ఉండాలని, జీవితంలో మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు. కోర్టు ఇన్నాళ్లూ కాపాడిన స్థలం కథను వారు నిలువుకాళ్ల మీద ముగించారు.

పిల్లలు ఆ హడావిడిలో లేరు. గేటు దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. విశ్వవిద్యాలయ జట్టు శిక్షణకు వచ్చే నెల రావాలని ఫాతిమా గారు సత్యవేణికి స్వయంగా చెప్పి వెళ్లారు. ఆ పిల్ల బంతిని పొట్టకు హత్తుకొని, కళ్లు తుడుచుకొని, సుగుణ దగ్గరకు పరుగున వచ్చింది.

"మరి అప్పటిదాకా ప్రాక్టీసు ఎక్కడండీ మేడంగారూ?"

సుగుణ చప్పున ఆమె నోటికి చేయి అడ్డం పెట్టి సోఫాల వైపు చూసింది.

"గట్టిగా అడక్కే," అంది, "వింటే వచ్చేస్తారు."